ఏనుగులు కొలిచిన నగరం

పట్టాభిషేకమై పన్నెండేళ్లు నిండిన సంబరంలో హేమగిరి రాజు విజయమల్లుడికి ఒక సరదా పుట్టింది. "ఈ శుభవేళ ఒక ఊరికి నగర హోదా ఇస్తాను. మునుకోట పాత ఊరు కదా, దానికిస్తే ఎలా ఉంటుంది?" అన్నాడు నిండు సభలో.

సింహాసనం పక్కన తాంబూలపు పళ్లెంతో నిలుచున్న మాచమ్మ మొహం వెలిగింది. ఆమె పుట్టింది మునుకోటలోనే. రాజుగారి ముత్తాత నాటికే చుట్టూ కోటగోడ, వీధి నిండా అద్దకం అంగళ్లు ఉన్న ఊరది.

అంతలో మంత్రి వల్లభ ప్రగ్గడ లేచాడు. ఆయన లేవడమంటే ముందు మీసం లేస్తుంది, తర్వాత ఉత్తరీయం, ఆఖరున మనిషి. కొత్తగా ఒక ఊరు కట్టించి, దానికి వల్లభపురమని తన పేరే పెట్టుకున్న ఘనుడు.

"మునుకోటా ప్రభూ!" అని ముక్కు చిట్లించాడు. "ముసలి గోడలు, ఇరుకు సందులు! నగరమంటే రాజవీధి ఈ కొసనుంచి ఆ కొసదాకా అంబారీ కట్టిన రెండు ఏనుగులు పక్కపక్కనే నడవాలి. నడవలేని ఊరు ఏదైనా సరే, పల్లెటూరే. మునుకోటను మా వల్లభపురానికి శివారు పేటగా కలిపేసి, ఆ పాత పేరు దస్త్రాల్లోంచి కొట్టేయిద్దాం."

రాజుకు ఆ కొలత భలే నచ్చింది. ఏనుగులు రెండు ఊళ్లకూ వెళ్లాయి. వల్లభపురం వీధిలో దర్జాగా నడిచాయి, చూడడానికే జనం లేరు. మునుకోటలో జనం విరగబడ్డారు, కానీ అద్దకం అంగళ్ల దగ్గర రెండో ఏనుగుకు దారి చాల్లేదు.

"ఏం మాచమ్మా, మీ మహానగరంలో ఏనుక్కి ఊపిరాడలేదట!" అన్నాడు ప్రగ్గడ. సభ ఘొల్లుమంది.

మాచమ్మ ఆకులకు సున్నం రాస్తూ ఆలోచించింది. దస్త్రంలో పేరు కొట్టేస్తే ఇంకో రెండు తరాలకు మునుకోట అనే ఊరు ఉండేదని చెప్పేవాళ్లెవరు? అయినా మొహంలో ఏమీ కనబడనీయకుండా రాజుకు తాంబూలం అందించింది.

"మంత్రిగారి కొలత బంగారం ప్రభూ! శాసనం చేయించండి."

"ఇన్నాళ్లకు బుద్ధొచ్చింది," అని ప్రగ్గడ మీసం దువ్వుకున్నాడు. గెలిచానన్న సంబరంలో ఆయనకు ఇంకేదీ గుర్తు రాలేదు. రాయసగాడు రాశాడు, రాజు ముద్ర వేశాడు.

"ఇక మొదట రాజధానిలో అమలు చేయించండి ప్రభూ," అంది మాచమ్మ.

ఆ రాజ్యంలో ఏ శాసనమైనా ముందు హేమగిరిలో అమలు కానిదే కోట గుమ్మం దాటదు. అది రాజుగారి తాత పెట్టిన కట్టడి.

"అవునవును, ఏనుగుల్ని తీయండి!" అన్నాడు రాజు.

ప్రగ్గడ మొహం పాలిపోయింది. "ఎండ మండిపోతోంది ప్రభూ... పాపం, మూగజీవాలు అలిసిపోయి ఉన్నాయి..."

"నీకు ఏనుగుల మీద ఇంత జాలి ఎప్పుడు పుట్టిందయ్యా?" అంటూ రాజు బయల్దేరాడు. వెనకాలే సభంతా కదిలింది.

ఏనుగులు కోట గుమ్మం నుంచి బాగానే నడిచాయి. తూర్పు మలుపు దగ్గర ఆగిపోయాయి. అక్కడ ఒక కొత్త మేడ అరుగు, దాని మీద రెండు రాతి సింహాలు, సగం వీధిలోకి వచ్చి కూర్చున్నాయి. మావటి ఎంత అదిలించినా రెండో ఏనుగు సింహాన్ని తొండంతో తడిమి వెనక్కే తగ్గింది.

"ఎవరిదీ అరుగు?" అన్నాడు రాజు.

అందరూ ప్రగ్గడ వైపే చూశారు.

మాచమ్మ చేతులు జోడించింది.

"ఎవరిదైతేనేం ప్రభూ, ముద్ర పడిపోయింది! ఈ క్షణం నుంచి హేమగిరి పల్లెటూరు, తమరు మా పల్లె పెద్ద. ఇక ఏనుగులు మెచ్చిన నగరం వల్లభపురమే. సింహాసనాన్ని మంత్రిగారి ఊరికి మోయించమంటారా?"

రాజు కళ్లెర్రజేశాడు. "ప్రగ్గడా! నన్ను పల్లె పెద్దను చేశావా?"

ప్రగ్గడ నడివీధిలో మోకరిల్లాడు. "కొలత తప్పు ప్రభూ! నగరాన్ని వీధి వెడల్పుతో కొలవకూడదు!"

"మరి దేంతో కొలవాలి?"

"జనంతో... ఊరి వయసుతో..."

"అలాంటి ఊరేదో నీ నోటితోనే చెప్పు."

"ము... మునుకోట."

"వినబళ్లేదు మంత్రిగారూ!" అంది మాచమ్మ.

"మునుకోట! మునుకోట!" అని అరిచాడు ప్రగ్గడ.

రాజు కోపం కాస్తా నవ్వయిపోయింది. అక్కడికక్కడే శాసనం చింపి, మెడలోని ముత్యాల హారం మాచమ్మ చేతిలో పెట్టాడు.

"ఈ అరుగు పీకించి, ఆ రాళ్లతో మునుకోటకు నగర ద్వారం కట్టించండి. ఊరి పేరు లోతుగా చెక్కించండి. రాళ్ల బండ్ల ముందు ప్రగ్గడే నడుస్తాడు!"

వీధి వీధంతా పడీపడీ నవ్వింది.