సుంకన్న వంపిన గిన్నెడు నూనె

రాజులు పల్లకీలలో తిరుగుతూ, రైతులు ట్రాక్టర్లతో దున్నుతూ ఉన్న ఒకానొక కాలంలో రేగడిపురం అనే చిన్న రాజ్యం ఉండేది. అటువంటి కాలం ఎప్పుడు ఉన్నదని అడగకండి పిల్లలూ. కథలో ఉన్నది, అంతే చాలు.

ఆ రాజ్యమంతా నల్లరేగడి నేల. ఎండలో ఇనుములా బిగుసుకుంటుంది, వానలో బంకలా పట్టుకుంటుంది. ఎద్దులకు లొంగని ఆ నేల కోసం కేతువర్మ మహారాజు ఒకే ఒక ట్రాక్టరును తెప్పించాడు. దానిని పన్నెండేళ్లు సుంకన్న అనే అతను నడిపాడు.

ట్రాక్టరు ఇంజను పక్కన ఇంజెక్షన్ పంపు అనే చిన్న యంత్రం ఉంటుంది. డీజిలును కొలిచి, వేళ తప్పకుండా, చుక్క చుక్కగా ఇంజనుకు అందించడం దాని పని. ఆ పంపు కడుపులో దానికంటూ విడిగా కొంచెం నూనె ఉంటుంది. ఆ నూనె బాగున్నంత కాలమే లోపలి ఇనుము ఇనుమును తినకుండా ఉంటుంది.

ప్రతి సోమవారం సుంకన్న ఆ పంపు పక్కనున్న చిన్న బోల్టు విప్పేవాడు. కొంత నూనె కారేది. దానిని ఒక గిన్నెలో పట్టి, కారడం ఆగగానే బోల్టు బిగించి, గిన్నెను ఇంటికి తీసుకువెళ్లేవాడు. ఎందుకని అడిగినవారు దాదాపు లేరు. అతడూ తనంతట తాను చెప్పలేదు. మాటలు తక్కువ మనిషి.

అడగనివారు ఊహించుకున్నారు.

"రాజుగారి నూనెకు కాళ్లు వచ్చాయి. వారానికొకసారి సుంకన్న ఇంటికి నడిచిపోతున్నది" అన్నాడు మంత్రి పుండరీకుడు. ఆ మాట సంత వీధి దాటి, సాలె వీధి దాటి, ఊరంతా తిరిగింది.

మాఘమాసంలో సుంకన్న జ్వరపడి కన్నుమూశాడు. అతని భార్య మద్దమ్మకు ట్రాక్టరు పని తెలుసు. పన్నెండేళ్లు అతని పక్కన నిలబడి బోల్టులు విప్పే పానాలు అందించిన చేతులు ఆమెవి. అందుకని రాజు ఆ పనిని ఆమెకే అప్పగించాడు. మంత్రి మాత్రం పంపు బోల్టు మీద లక్కముద్ర వేయించాడు.

"ఇక దీనిని ఎవరూ విప్పరాదు" అన్నాడు.

రెండు నెలలు గడిచాయి. మంత్రి పంపు పైమూత తీయించి, కొలపుల్ల ముంచి చూశాడు. నూనె రెండు వేళ్ల మందం పెరిగి ఉన్నది.

"చూశారా ప్రభూ? దొంగ పోయాడు, నూనె పెరిగింది. ఇది అక్షయ పంపు."

పంపుకు పసుపు పూసి, కుంకుమ పెట్టారు. పెరిగిన లక్ష్మిని పారబోయరాదని, అందులోంచి ఒక్క చుక్కయినా తీయరాదని మంత్రి కట్టడి చేశాడు.

అందరూ దండం పెట్టారు. మద్దమ్మ పెట్టలేదు. పంపు వైపే చూస్తూ నిలబడిపోయింది. 'గొర్రె ఈనుతుంది, కోడి గుడ్డు పెడుతుంది. నూనె ఈనదు. మరి ఈ ఎక్కువైనది ఎక్కడినుంచి వచ్చింది?' అని ఆమెకు తోచింది. ఆ ప్రశ్న ఇంటికి వచ్చినా ఆమెను వదలలేదు. సుంకన్న చివరిసారి పట్టిన నూనె గిన్నె అక్కడ ఇంకా అట్లాగే ఉన్నది.

జ్యేష్ఠమాసం వచ్చింది. ఇంకో పది రోజుల్లో మృగశిర కార్తె. సరిగ్గా అప్పుడే ట్రాక్టరు నీరసించింది. ఇంజను చప్పుడు ఎగిసి పడేది. పంపు లోపల గులకరాళ్లు దొర్లినట్టు మోత. సగం చేనులో ఆగిపోయేది.

మంత్రి వెంటనే అన్నాడు: "సుంకన్న మంచి నూనె తీసుకుపోయి, దాని బదులు నాసిరకం పోసి ఉంటాడు. మేలుజాతి నూనె పోస్తే పంపు కుదుటపడుతుంది. అప్పుడు అతని దొంగతనమూ రుజువవుతుంది."

రాజు ఆలోచించి, "అదే నిజమైతే సుంకన్న దొంగ అని దండోరా వేయిస్తాను" అన్నాడు.

"నిజం కాకపోతే ప్రభూ?" అని మద్దమ్మ అడిగింది.

"కాకపోతే కాదని వేయిస్తాను. కాని వాన పడేలోపల తేలాలి."

కబురు అందుకుని ముగ్గురు నూనె వర్తకులు వచ్చారు.

తూర్పు వర్తకుడి నూనె బెల్లపు పాకంలా ఉన్నది. "చిక్కనిదే నూనె. తక్కినదంతా నీళ్లే" అని ఒక గిన్నెడు పోశాడు. మరునాడు ఉదయం పంపు బరువెక్కింది. పొద్దున పిలిస్తే మధ్యాహ్నం పలికే కొత్త అల్లుడిలా, మీట లాగిన ఎంతసేపటికో ఇంజను అందుకునేది.

దక్షిణపు వర్తకుడు నవ్వాడు. "పాకం పోస్తే అరిసెలు వస్తాయి గాని పని జరుగుతుందా అన్నా? ఇది కుట్టుమిషను నూనె. సూది దూరని సందులోనూ దూరుతుంది." అతడూ ఒక గిన్నెడు పోశాడు. గులకరాళ్ల మోత రెట్టింపయింది.

పడమటి వర్తకుడు గాజుసీసా తెచ్చాడు. లోపలి నూనె బంగారు రంగులో మెరుస్తున్నది. "మీ ఇద్దరూ పక్కకు జరగండి. ఇది రాజులు చూడవలసిన నూనె" అని పోశాడు. పూటసేపు మోత తగ్గింది. మద్దమ్మ పంపుకు చెవి ఆనించి వింటూ కూర్చున్నది. సాయంత్రానికి మోత మళ్లీ మొదలయింది. పైమూత సందుల్లోంచి నూనె పొంగి కారసాగింది.

"ఆహా, ఇంకా పెరిగింది" అన్నాడు మంత్రి. ఈసారి ఎవరూ దండం పెట్టలేదు.

తూర్పు వర్తకుడు మద్దమ్మ వైపు తిరిగి, "నీవేమి నూనె తెచ్చావమ్మా?" అని ఎగతాళిగా అడిగాడు.

"నా దగ్గర పోయడానికి నూనె లేదయ్యా. ఒక సందేహం ఉన్నది. ప్రభూ, ఆ ముద్ర తీయనివ్వండి. తమ ఉత్తరీయం కూడా ఒకసారి ఇప్పించండి."

"ఉత్తరీయమా? ఎందుకు?"

"తెల్లని నూలుబట్ట ఇక్కడ అదొక్కటే ఉన్నది ప్రభూ."

రాజు ఒక క్షణం తటపటాయించి, ఉత్తరీయం తీసి ఇచ్చాడు.

మద్దమ్మ దాని మీద మూడు చుక్కలు వేసింది. మొదటిది డబ్బాలోని కొత్త ఇంజను నూనె. రెండవది పంపులోనిది. మూడవది తన ఇంటినుంచి తెచ్చిన గిన్నెలోనిది. సుంకన్న చివరి సోమవారం పట్టినది.

అందరూ వంగి చూశారు. మొదటి చుక్క రూపాయి బిళ్లలా, వేసినచోటే నిలిచింది. రెండవది పాకుతూ పోయి, చుట్టూ పలుచని తడి వలయం కట్టింది. మూడవదీ అట్లాగే వలయం కట్టింది, కాని చిన్నది.

"ఆ వలయాన్ని వాసన చూడండి ప్రభూ."

రాజు వాసన చూశాడు. "ఇది డీజిలు కదా."

"అవును ప్రభూ. పంపులో పైన డీజిలు, కింద నూనె. నడుమ ఆడే కడ్డీలు ఎంత బాగా అమరినా వెంట్రుకవాసి సందు ఉండక తప్పదు. ఆ సందులోంచి డీజిలు కొంచెం కొంచెంగా దిగి నూనెలో కలుస్తుంది. నూనె పెరిగినట్టు కనిపిస్తుంది, నిజానికి పలుచనవుతుంది. ఈ బోల్టు ఉన్నది సరైన మట్టం దగ్గర. విప్పితే, ఎక్కువైనది పోతుంది. మా ఆయన తీసింది ఆ ఎక్కువైనదే. ఇన్నాళ్లూ నాకూ తెలియదు. నేనూ ఆయనను అడగలేదు."

మంత్రి ఊరుకోలేదు. "సరే, మరి ఇంటికెందుకు మోసినట్టు?"

గుంపులోంచి ఒక రైతు గొంతు వినిపించింది. "మా విత్తే గొర్రు బోల్టులు తుప్పు పట్టకుండా పూసింది ఆ నూనేనయ్యా. నేను అడిగితే, నేలమీద పారబోస్తే చేను పాడవుతుందని చెప్పినాడు."

"ఇన్నేళ్లూ ఆ మాట చెప్పలేదేమి?" అన్నాడు రాజు.

"నన్నెవరూ అడగలేదు ప్రభూ."

పడమటి వర్తకుడు ముందుకు వచ్చాడు. "అయితే నా నూనెలో లోపమేమిటమ్మా?"

"ఏ లోపమూ లేదయ్యా. మంచి నూనే. కలుషితమైన నూనె మీద పోశారు, అంతే."

"ఇంతకూ ఈ పంపుకు తగిన నూనె ఏది?" అని రాజు అడిగాడు.

"ఇంజను తాగేదే దీనికీ చాలు ప్రభూ. చిక్కనిదీ వద్దు, మరీ పలుచనిదీ వద్దు. పాతదంతా వంపి, కొత్తది మట్టం వరకే పోయాలి. వారానికొకసారి ఎక్కువైనది తీసివేయాలి. ఎంత మంచి నూనె అయినా, తీయవలసినది తీయకపోతే నిలవదు."

రాజే లక్కముద్రను పగలగొట్టాడు. మద్దమ్మ పంపు అడుగునున్న మరో బోల్టు విప్పి పాతదంతా వంపింది; డబ్బాలోని నూనె పోసి, మట్టం దగ్గర ఆపింది. ఇంజను పలికింది. చప్పుడు ఎగిసి పడలేదు. గులకరాళ్లు దొర్లలేదు.

ఆ మధ్యాహ్నమే దండోరా బయలుదేరింది. డప్పు ముందు మంత్రి పుండరీకుడు నడవాలని రాజాజ్ఞ. "సుంకన్న దొంగ కాడహో. పన్నెండేళ్లు మన పంపును కాపాడినవాడహో" అని సంత వీధిలో, సాలె వీధిలో, ఊరంతటా వినిపించింది. ముసలివారు అరుగుల మీదినుంచి లేచి నిలబడ్డారు.

మద్దమ్మకు మాత్రం అది వినిపించలేదు. అప్పటికి ఆమె పడమటి చేనులో ఉన్నది. మబ్బు కమ్ముతున్నది, ఇంకా సగం నేల దున్నవలసి ఉన్నది, ఇంజను చప్పుడు తప్ప చెవికి మరేదీ సోకడం లేదు. చీకటి పడే వేళకు చివరి చాలు ముగిసి, తొలి చినుకు పడినప్పుడు, సాలె వీధి ఆడవాళ్లు గట్టుమీదికి వచ్చి జరిగినదంతా చెప్పారు. ఆమె ఇంజను ఆపి, మళ్లీ మొదటినుంచి చెప్పమన్నది.

కనుక పిల్లలూ, ఎక్కడినుంచి వచ్చిందో తెలియని పెరుగుదలను భాగ్యమని మురియరాదు. ఎందుకు చేశాడో అడగకుండా ఏ మనిషినీ దొంగ అనరాదు.