బోయవాడు ఇంకా లేవలేదు

వరదయ్య తన గురువు పరాంకుశయ్యగారి పాదాలు ముట్టడం మానేశాడు. పొద్దున్నే పురాణం చదివే ముందు ఆయన పాదాలకు దణ్ణం పెట్టడం ఆ ఇంటి అలవాటు. ఇప్పుడతను గడప దగ్గరే చేతులు జోడించి, తల వంచుకుని వచ్చి కూర్చుంటున్నాడు.

కారణం అతని కంచె. మేకలు పెరట్లో జొరబడి తులసిని మేసేస్తున్నాయని వరదయ్య తుమ్మకంప కొట్టుకొచ్చి కంచె వేశాడు. పనైపోయిందని చేతులు దులుపుకున్నాడు గాని, దారిలో పడిపోయిన ఒక కొమ్మను ఏరలేదు. సాయంత్రం స్నానానికి పెన్న వైపు బయల్దేరిన పరాంకుశయ్యగారు దాన్ని తొక్కారు. ముల్లు అరికాల్లో దిగి లోపలే విరిగింది. చెప్పులు ఎరగని కాలు, పెద్ద వయసు. పుండు పడింది. ఇప్పుడాయన నాలుగడుగులు వెయ్యాలన్నా గోడ పట్టుకోవాలి.

శిష్యుణ్ణి ఆయన ఒక్క మాట అనలేదు. వరదయ్యకు అదే పెద్ద శిక్ష అయింది. తిట్టి ఉంటే ఒకపూట ఏడ్చి తేరుకునేవాడు.

దానికి తోడు, అప్పుడు చదువుతున్నది కృష్ణుడి కథ. వెన్న దొంగతనాలూ, కొండ ఎత్తడమూ, పెళ్ళిళ్ళూ, యుద్ధాలూ అన్నీ అయిపోయాయి. యాదవులు తమలో తాము కొట్టుకుని చచ్చారు. కృష్ణుడు అడవిలో ఒంటరిగా, తొడ మీద పాదం పెట్టుకుని కూర్చున్నాడు. ఆ ఎర్రటి పాదాన్ని పొదల సందులోంచి చూసి లేడి అనుకున్నాడొక బోయవాడు. బాణం వేశాడు. దగ్గరికొచ్చి చూసి, గుండె పగిలి, స్వామి కాళ్ళ మీద పడ్డాడు.

అక్కడికి రాగానే వరదయ్య పుస్తకం మూసేశాడు. మర్నాడూ అక్కడే ఆగాడు. ఆ తర్వాత ఇక ధైర్యం చాలక, వెనక్కి తిప్పి మళ్ళీ వెన్న దొంగతనం చదవడం మొదలుపెట్టాడు. గురువుగారు కొత్తగా వింటున్నట్టు తలూపుతూ విన్నారు.

ఒక మధ్యాహ్నం వరదయ్య తన పంచెలు మూట కట్టి తలుపు వెనక పెట్టాడు. మర్నాడు పొద్దున చదవడం అయ్యాక చెప్పకుండా వెళ్ళిపోదామని. ఆ కాలు అలా చేసినవాడు ఆయన ఎదుట కూర్చుని పురాణం ఎలా చదువుతాడు? ఎక్కడికి వెళ్ళాలో మాత్రం తెలియదు. పసితనం నుంచీ ఆ ఇల్లు తప్ప ఇంకో ఇల్లు ఎరగడు.

పొద్దున పుస్తకం తెరిచాడు.

"ఎక్కడున్నాం?" అన్నారు గురువుగారు.

"వెన్న దొంగతనం దగ్గర, స్వామీ."

"కాదు నాయనా. బోయవాడి దగ్గరున్నాం. పాపం, వాణ్ణి కాళ్ళ మీద పడేసి నువ్వు పుస్తకం మూసేస్తివి. ఆ పొద్దు నుంచి వాడు ఏడుస్తా అట్లే పడుండాడు. ఎవరు లేపాల వాణ్ణి?"

వరదయ్య పుస్తకం మూయబోయాడు.

"చదువు."

పేజీలు తిప్పి చదివాడు. తెలియక చేశాను, నన్ను చంపెయ్యి స్వామీ అని బోయవాడు వేడుకునే దాకా వచ్చి మళ్ళీ ఆగిపోయాడు.

"ఊఁ. దానికి స్వామి ఏమన్నాడు?"

వరదయ్య అక్షరాల వంకే చూస్తున్నాడు. కళ్ళ నిండా నీళ్ళు. ఒక్కటీ కనిపించడం లేదు.

పరాంకుశయ్యగారు గోడకు ఆనుకుని, కట్టు కట్టిన కాలు మెల్లగా ఎత్తి అతని ఒళ్ళో పెట్టారు. పుస్తకం పక్కకు జారింది. వరదయ్య చేతులు గాల్లోనే ఉండిపోయాయి. కాసేపటికి అవి ఆ పాదాన్ని పట్టుకున్నాయి.

"ఏమన్నాడు రా?"

"భయపడకు, లే... అన్నాడు స్వామీ."

"అన్నాడు గదా. మరి లే. కట్టు తడిసింది, మార్చాల. మంచి గుడ్డ ఏదన్నా తీసుకురా."

వరదయ్య కాలిని జాగ్రత్తగా పీట మీద పెట్టి లేచాడు. దండెం చూశాడు, పెట్టె చూశాడు. ఉతికిన గుడ్డ ఒక్కటీ కనిపించలేదు.

"ఇంట్లో ఏమీ లేదు స్వామీ."

"తలుపు వెనక ఆ మూటలో చూడు."