సుగుణ గారి హాజరు

ఆకెళ్ల సోమసుందరం మాస్టారిని ప్రశ్న అడగడం సుఖమైన పని కాదు. ఆయన జవాబు చెప్పరు, లేచి చెప్పులేసుకుంటారు. అడిగినవాడు వెంట నడవాల్సిందే. ఎక్కడికి, ఏం చూడ్డానికి అంటే అదీ చెప్పరు. ఆయన శిష్యులం చాలామందిమి అలా నడిచినవాళ్లమే. కానీ యుగంధర్ కథ తలుచుకుంటే మాత్రం నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

యుగంధర్ ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. అదే కాలేజీలో మేరీ సుగుణ గారు కెమిస్ట్రీ చెప్పేవారు. ఆవిడ చేసిన నేరమల్లా పిల్లలెవరూ ఆవిడ క్లాసు ఎగ్గొట్టకపోవడమే. ఆ శాఖకి పెద్ద, కాలేజీకి వైస్ ప్రిన్సిపాల్ అయిన పట్టాభిరామయ్యకి అది గిట్టలేదు. స్టాఫ్ రూములో ఆవిడ కుర్చీ మాయమయ్యేది. మీటింగు సంగతి అందరికీ తెలిసేది, ఆవిడకి తప్ప. ఆవిడ మాట్లాడే తీరుని పట్టాభిరామయ్య అనుకరించి చూపిస్తే గదంతా నవ్వేది. నవ్వనివాడి టైంటేబుల్ మర్నాటికల్లా మారిపోయేది మరి! టైంటేబుల్ వేసేది ఆయనే.

అంతటితో పోనిచ్చినా బాగుండేది. ఇన్‌స్పెక్షన్ వస్తుందని ఒక ఆదివారం స్టాఫంతా వచ్చి ల్యాబులు సర్దారు. సెలవు కాబట్టి సంతకాలు లేవు, పిల్లలూ లేరు. తీరా ఇన్‌స్పెక్షన్‌లో కెమిస్ట్రీ ల్యాబుకి చెడ్డ మాట వచ్చేసరికి, ఆ రోజు సుగుణ అసలు రానేలేదు, అందుకే ఇలా అయింది అని పట్టాభిరామయ్య చెప్పేశాడు. ప్రిన్సిపాల్ అందరినీ కూర్చోబెట్టి, ఆవిడని చూసినవాళ్లున్నారా అని అడిగాడు. ఆ ఆదివారం ఆవిడ తెచ్చిన పులిహోర తిన్నవాళ్లే ఆ గదిలో సగం మంది. ఒక్కరూ నోరు విప్పలేదు. ఆవిడది కాంట్రాక్టు ఉద్యోగం. మర్నాడు మళ్లీ కూర్చుని తేల్చేద్దాం అన్నారు. తేల్చడం అంటే ఏమిటో వేరే చెప్పాలా?

ఆ సాయంత్రం యుగంధర్ మాస్టారి దగ్గరికి వచ్చి కూలబడ్డాడు.

"నేను అబద్ధం ఆడలేదు కదా మాస్టారూ. ఊరుకున్నానంతే. ఊరుకోవడం కూడా తప్పేనా?"

మాస్టారు లేచి చెప్పుల దాకా వెళ్లి, ఎందుకో ఆగి, రేపు నీ క్లాసు ఎన్నింటికి అని మాత్రం అడిగారు.

మర్నాడు మాస్టారు వెళ్లి యుగంధర్ క్లాసులో ఆఖరి బెంచీ మీద కూర్చున్నారు. గురువుగారు వెనక ఉన్నారన్న బెదురుతోనే యుగంధర్ హాజరు తీసుకోవడం మొదలుపెట్టాడు. మస్తాన్‌వలి పేరు వచ్చింది. వాడు తండ్రిని ఆస్పత్రిలో చేర్చి అక్కడే ఉన్నాడు. వాడి హాజరు అప్పటికే అంచు మీద ఉంది, ఇంక తగ్గితే పరీక్షకి కూర్చోనివ్వరు. పేరు పిలవడం ఆలస్యం, "ప్రెజెంట్ సార్" అని మూడు మూలల నుంచి మూడు గొంతులు ఒక్కసారే లేచాయి! క్లాసు గొల్లుమంది. యుగంధర్ మొహం కందగడ్డ అయింది. అన్నవాళ్లు లేచి నిలబడాలి, ఇంటర్నల్ మార్కులు కోసేస్తాను అని అరిచాడు.

లేవరనే అనుకున్నాడు. ఒకడు లేచాడు. ఆ వెంటనే రెండోవాడు, మూడోవాడు. ఇక్కడితో అయిపోయిందనుకుంటే ముందు బెంచీలోంచి కమలిని అనే అమ్మాయి కూడా లేచింది. నువ్వెందుకమ్మా అంటే, నేనూ అందామనుకున్నాను సార్, ఈలోపే వీళ్లు అనేశారు అంది. మార్కులు పోతాయని తెలుసా అని యుగంధర్ మొదటివాణ్ణి నిలదీశాడు.

"తెలుసు సార్. మాకు మార్కులే పోతాయి, వాడికి పరీక్షే పోతుంది."

ప్రాక్సీ చెప్పడం తప్పే, కాదని నేననను. యుగంధర్ కూడా తప్పనే అన్నాడు. నలుగురినీ వరండాలో నిలబెట్టాడు. గంట కొట్టగానే మాస్టారు కూడా వచ్చి వాళ్ల దగ్గరే ఒక స్టూలు వేసుకుని కూర్చున్నారు. యుగంధర్ వాళ్లని దాటుకుని మీటింగుకి వెళ్లాడు. ఆ నలుగురి మొహాల్లోకి చూడలేకపోయానని తర్వాత నాతో చెప్పాడు.

లోపల ప్రిన్సిపాల్ ఆఖరిసారి అడుగుతున్నానన్నాడు. సుగుణ గారు తల వంచుకుని కూర్చున్నారు. పట్టాభిరామయ్య అప్పుడే కళ్లజోడు తుడుచుకుంటున్నాడు, పనైపోయిన మనిషిలా. యుగంధర్ లేచాడు.

"ఆవిడ వచ్చారు సార్. నేను చూశాను. ఆవిడ పెట్టిన పులిహోర తిన్నాను."

అబ్బ, ఆ క్షణం అక్కడ నేను లేకపోతినే! లైబ్రేరియన్ మెల్లిగా గొంతు సవరించుకుని నేనూ తిన్నానన్నాడు. ఆటల మాస్టారు లేచి, నేను రెండోసారి కూడా పెట్టించుకున్నానండీ అన్నాడు. ఇంక ఆగలేదు. అటు నుంచి ఒకరు, ఇటు నుంచి ఒకరు, సాయంత్రం దాకా సీసాలు తుడిచింది ఆవిడేనని చెప్పేవాళ్లే అందరూ. ప్రిన్సిపాల్ ఆ విషయం అక్కడితో కొట్టేశాడు. సుగుణ గారు తలెత్తి ఒక్కొక్కరినీ చూశారు. ఆవిడ కళ్లల్లో నీళ్లున్నాయి, కానీ అవి సంతోషానివి కావు. నిన్న వీళ్లంతా ఏమయ్యారన్న కోపంతో వచ్చినవి. ఎవరికీ థాంక్స్ చెప్పకుండా లేచి క్లాసుకి వెళ్లిపోయారు.

యుగంధర్ ఒక్క ఉరుకున వరండాలోకి వచ్చాడు. మాస్టారూ, చెప్పేశాను, అందరూ చెప్పేశారు అన్నాడు, పరీక్ష గట్టెక్కిన పిల్లాడిలా. అంతలో వెనకనుంచి పట్టాభిరామయ్య వచ్చి, కొత్త టైంటేబుల్లో నీ సంగతి చూస్తానని మెత్తగా అని వెళ్లిపోయాడు. యుగంధర్ మొహంలో నవ్వు ఎగిరిపోయింది. ఇప్పుడేం చెయ్యను అన్నట్టు మాస్టారి వంక చూశాడు.

మాస్టారు గోడవారగా నిలబడ్డ ఆ నలుగురినీ చూపించారు.

"లేనివాణ్ణి ఉన్నాడన్నందుకు వీళ్లని నిలబెట్టావు. ఉన్న మనిషిని ఉందన్నందుకు నిన్ను నిలబెడితే, వచ్చి వీళ్ల పక్కన నుంచో. చోటుంది."