ఏదుపంది వీరాయమ్మ వీపు

ఎర్రగుట్ట వెనక వాలులో, పెద్ద బండ కింద ఒక బొరియ ఉంది. దానికి తూర్పున ఒక వాకిలి, పడమర ఒక వాకిలి. ఏదుపందులు ఇల్లు కట్టుకుంటే అలాగే కట్టుకుంటాయి. ఎందుకంటే మొగుడూ పెళ్లాం పగలంతా వీపూ వీపూ ఆనించి పడుకుంటాయి. ఒకరి మొహం తూర్పుకి, ఒకరి మొహం పడమరకి. ఎటునుంచి శత్రువు వచ్చినా ఒక జత కళ్లు చూస్తూనే ఉంటాయి. ఒళ్లంతా ముళ్లే కదా, గుచ్చుకోవా అని అడక్కండి. కాపురం చేసేవాళ్లకి తెలుస్తుంది ఎలా సర్దుకోవాలో.

వీరాయమ్మ ఎనిమిదేళ్లు అలా హాయిగా పడుకుంది. మొన్న చలికాలంలో మొగుడు కోటయ్య దుంపల తోటకి వెళ్లి కుక్కల పాలయ్యాడు. పిల్లలు వచ్చారు, ఏడ్చారు, ఎవరి బొరియలకి వాళ్లు వెళ్లిపోయారు. పెద్దదానికి పురుడు దగ్గరపడింది, చిన్నవాడికి కొత్త కాపురం. వాళ్లని తప్పు పట్టడానికి లేదు.

అటు ముసలిదీ కాదు, ఇటు పడుచుదీ కాదు వీరాయమ్మ. తినాలంటే పళ్లున్నాయి, తవ్వాలంటే గోళ్లున్నాయి. లేనిది నిద్ర ఒక్కటే. తూర్పుకి తిరిగి పడుకుంటే పడమర భయం, పడమరకి తిరిగితే తూర్పు భయం. వీపుకి ఏమీ తగలకపోవడం అంత పెద్ద కష్టమని ఆమె అంతకుముందు ఎవరైనా చెప్పినా నమ్మేది కాదు.

అలాంటప్పుడు వచ్చాడు నక్క పేరయ్య.

వస్తూనే వాకిలి బయట కూలబడి ముక్కు చీదాడు. "చెల్లెమ్మా! కోటయ్య బావ లాంటివాడు ఈ గుట్ట మీద మళ్లీ పుడతాడా? నాకు నాలుగు రోజులుగా ముద్ద దిగడం లేదు."

ముద్ద దిగనివాడి పొట్ట కాస్త ఎత్తుగానే ఉంది. కానీ దుఃఖంలో ఉన్నవాళ్లు ఎదుటివాళ్ల పొట్టలు చూడరు. వీరాయమ్మ కూడా ఏడ్చింది.

"అన్నట్టు, ముళ్ల దీక్ష మొదలుపెట్టావా?" అన్నాడు పేరయ్య కళ్లు తుడుచుకుంటూ.

"ముళ్ల దీక్షేమిటన్నా?"

"అయ్యో రామా, నీకెవరూ చెప్పలేదా? మొగుడు పోయిన ఏదు పూటకి పది ముళ్లు పీకి తూర్పు వాకిట్లో పెట్టాలమ్మా. అవి దాటి ఎవరూ లోపలికి రాకూడదు. పోయినాయన ఆ ముళ్ల మీద కూర్చుని నీకు కాపలా కాస్తాడు."

"మా అమ్మ ఎప్పుడూ చెప్పలేదే."

"మీ అమ్మ మీ నాన్నకంటే ముందే పోయింది కదా తల్లీ. ఆవిడకి ఆ అవసరం ఎక్కడ వచ్చింది?"

పేరయ్య గొంతు తగ్గించాడు. "దీక్ష అయ్యేదాకా నలుగురిలోకి వెళ్లకు. నవ్వు మొహంతో ఎవరికీ కనపడకు. ఆయన ఆత్మ బాధపడుతుంది. నీకేం కావాలన్నా నేనున్నాను."

ఆ సాయంత్రమే ఆమె మొదటి పది ముళ్లు పీకింది. నోటికి అందినవి నోటితో, అందనివి రాళ్ల సందులో ఇరికించి. నొప్పి పుట్టింది. అయినా మొగుడి కోసం ఏదో ఒకటి చేస్తున్నానన్న తృప్తి ఆ నొప్పిలో ఉంది, అందుకే మర్నాడు కూడా పీకింది. పేరయ్య రోజూ వచ్చి చూసి, "భేష్ చెల్లెమ్మా, ఇంకా కాస్తే" అని వెళ్లేవాడు.

నెల తిరిగేసరికి ఆమె వీపు సగం బోడిగా అయిపోయింది. గాలి తగిలితే చర్మం జివ్వుమనేది.

ఒకరోజు పొద్దు వాలుతుండగా దుంపల కోసం వెళ్తూ ఒక చెదల పుట్ట పక్కనుంచి తల వంచుకుని నడుస్తోంది. పుట్టలో సగం దూరి ఉన్న ఒక అలుగు వెనక్కి జరిగి, నాలుక చప్పరించింది. ఒంటినిండా పెంకులు, మొహాన మట్టి. ఆమె పేరు బుచ్చమ్మ.

"ఏమమ్మోయ్, చూసీ చూడనట్టు పోతున్నావు? నేనేం అప్పడిగేదాన్ని కాదులే."

వీరాయమ్మ మొహం తిప్పుకుంది. "నేను దీక్షలో ఉన్నాను. మాట్లాడకూడదు."

"మాట్లాడావుగా ఇప్పుడే! ఏం దీక్ష? నీ వీపేమిటి అలా ఉంది? పురుగు పట్టిందా?"

తప్పక చెప్పింది వీరాయమ్మ. బుచ్చమ్మ చెదలు తినడం ఆపేసి విన్నది.

"నా మొగుడు పోయి మూడేళ్లయింది వదినా. నేనూ ఏడ్చాను. ఒక్క పెంకు పీకలేదు."

"అది మీ జాతి పద్ధతి. ఇది మా జాతి పద్ధతి."

"మరి మీ జాతి పద్ధతి నీకు చెప్పిన పేరయ్యది ఏ జాతి?"

వీరాయమ్మకి ఒళ్లు మండిపోయింది. "ఆయన నా కష్టంలో నా గుమ్మం తొక్కినవాడు. నువ్వొచ్చావా?" అనేసి విసవిసా వెళ్లిపోయింది. కానీ మర్నాడు దుంపలకి మళ్లీ అదే దారిన వెళ్లింది. దుంపలు ఆ ఒక్క దారిలోనే కాదు, ఇంకో రెండు దారుల్లోనూ ఉన్నాయి. ఆ సంగతి మనం పట్టించుకోవద్దు.

బుచ్చమ్మ పుట్ట దగ్గరే ఉంది. పక్కన ఒక రాయి ఉంది. ఆ రాయి తల బయటపెట్టి, "ఈ అమ్మాయేనా?" అంది. వాగు ఒడ్డున ఉండే తాబేలు కూర్మయ్య. ఆయనకి వయసెంతో ఆయనకే తెలీదు, మాట మాత్రం మెల్లగా, సూటిగా వస్తుంది.

ఆ రోజునుంచి ముగ్గురూ సాయంత్రాలు కలవడం మొదలైంది. వీరాయమ్మ దుంప తవ్వి కూర్మయ్యకి సగం పెట్టేది. బుచ్చమ్మ దుంప ముట్టదు, చెదలు వీళ్లు ముట్టరు, అందుకని తిండి దగ్గర పేచీ లేదు. కబుర్ల దగ్గరే పేచీ అంతా. ఒకసారి బుచ్చమ్మ చీమల పుట్టలో నాలుక పెట్టి తీయలేక, "లా లా లా" అంటూ గెంతింది. వీరాయమ్మ ఆపుకోలేక నవ్వేసింది.

నవ్విన మరుక్షణం ఆమె చెవులు రిక్కించింది.

ఏదుపంది నవ్వితే ఒంటి ముళ్లన్నీ గలగలలాడాలి. ఆ చప్పుడుకే కోటయ్య మనసు పారేసుకున్నాడు. ఇప్పుడు రెండో మూడో ముళ్లు టకటకమని ఊరుకున్నాయి. తన ఒంటి మీద ఎన్ని తక్కువ మిగిలాయో ఆమె అప్పుడే విన్నది.

"బాబాయ్," అంది కూర్మయ్యతో, "ఏ ఏదుపందైనా మొగుడు పోతే ముళ్లు పీక్కోవడం నువ్వు చూశావా?"

"మీ అమ్మమ్మ కాలంనుంచి చూస్తున్నానమ్మా. ఒక్కరూ పీక్కోలేదు." కూర్మయ్య తింటున్న దుంప వదిలేశాడు. "పేరయ్య పై పెదవి మీద గుండ్రటి మచ్చ ఉంటుంది, గమనించావా?"

"తుమ్మముల్లు గుచ్చుకుందన్నాడు."

"కోటయ్య ముల్లమ్మా అది. నిరుడు నీ బొరియలో తల పెడితే గుచ్చాడు. వాగులో మూతి ముంచుకుని మూలుగుతుంటే నేను పక్కనే ఉన్నాను. కోటయ్య నిన్ను భయపెట్టడం ఎందుకని చెప్పి ఉండడు. నువ్వు దీక్షంటూ బయటికి రాకపోతివి, ఈ మాట నీకు చెప్పేదెవరు?"

మర్నాడు పొద్దున్నే పేరయ్య వచ్చాడు. వీరాయమ్మ మొదటిసారి అతని కళ్లవైపు చూసింది. అతను మాట్లాడుతున్నంతసేపూ ఆ కళ్లు ఆమె మొహం మీద లేవు, వీపు మీదే తిరుగుతున్నాయి. ఇన్నాళ్లూ ఓదార్పనుకున్నది ఈ చూపునా!

"పుట్ట దగ్గర అలుగుతో కిచకిచలాడుతున్నావని విన్నాను," అన్నాడు పేరయ్య. "కోటయ్య బావ పోయి మూడు నెలలైనా కాలేదు."

సిగ్గుతో ఆమె తల వాలిపోయింది. దీక్ష అబద్ధమని తెలిసినా ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది.

"పోనీలే, తప్పు దిద్దుకుందువు. మిగిలినవన్నీ ఇవాళే పీకెయ్. రేపు మిట్టమధ్యాహ్నం దీక్ష విడుపు. నువ్వు తూర్పు వాకిలికి మొహం పెట్టి, కళ్లు మూసుకుని పడుకో. వెనక్కి మాత్రం తిరక్కు."

"అలాగే అన్నా," అంది వీరాయమ్మ. కాదంటే అక్కడే మీద పడతాడు.

అతను వెళ్లాక పారిపోదామనుకుంది. బోడి వీపుతో ఎక్కడికి పోతుంది? కొత్త ముళ్లు రావడానికి నెలలు పడుతుంది, నక్కకి ఆమె వాసన తెలుసు. ఎండ ఎక్కకముందే వాగు ఒడ్డుకి పరిగెత్తి, అక్కడున్న కూర్మయ్యకీ బుచ్చమ్మకీ జరిగింది చెప్పింది.

"నీ వెనక నేను పడుకుంటాను," అంది బుచ్చమ్మ వెంటనే. "నీ ముళ్లు నన్నేం చేస్తాయి? నా పెంకులు చూశావుగా. వీపుకి వీపు ఆనిద్దాం."

వీరాయమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "అది ఆయన చోటు వదినా."

బుచ్చమ్మ కాసేపు నేల గీకింది. "ఆయన చోటు ఆయనదే. నేను కాస్త పక్కకి జరిగి పడుకుంటాలే."

ఆ మాటకి వీరాయమ్మ భోరున ఏడ్చింది. ఇన్నాళ్లలో ఆమె దొంగ ఓదార్పు లేకుండా ఏడ్చింది అప్పుడే. ఏడుపు అయ్యేదాకా కూర్మయ్య ఆగి, నెమ్మదిగా అడిగాడు. "పీకిన ముళ్లన్నీ తూర్పు వాకిట్లోనే ఉన్నాయా అమ్మా?"

"ఒక్కటీ పోలేదు."

"అయితే నీ ఆయుధాలు ఎక్కడికీ పోలేదు. చోటు మారాయంతే."

మర్నాడు మిట్టమధ్యాహ్నం. బయట ఎండకి ఆకు కదలడం లేదు. బొరియలో వీరాయమ్మ తూర్పుకి తిరిగి పడుకుంది. వాకిట్లో ముళ్ల కుప్పలా కనపడేలా ఎండుటాకుల పోగు, పైన నాలుగు ముళ్లు పరిచి ఉన్నాయి. వెనక బుచ్చమ్మ వీపు చల్లగా, గట్టిగా తగులుతోంది. బుచ్చమ్మ గుండె కూడా దడదడలాడుతోందని వీరాయమ్మకి తెలిసింది. ఎందుకో దాంతో కాస్త ధైర్యం వచ్చింది.

"చెల్లెమ్మా." పేరయ్య గొంతు తూర్పు వాకిట్లోంచి వినిపించింది. పక్కనే, ఒక్క గెంతు దూరంలో. "ఏదీ, ఒకసారి వెనక్కి తిరుగు. వీపు చూసి వెళ్తాను."

తిరిగితే వెనక బుచ్చమ్మ కనపడుతుంది. తిరగకపోతే అనుమానం వస్తుంది. పైగా అతను అక్కడినుంచే లోపలికి దూకితే అడ్డం నాలుగంటే నాలుగే ముళ్లు.

"వెనక్కి తిరగొద్దని నువ్వే కదా అన్నా చెప్పింది?" అంది కళ్లు మూసుకునే. "ఆయన ముళ్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆయన్ని దాటి ఎవరూ రాకూడదనీ చెప్పావు. నువ్వు చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేస్తున్నాను. ఆఖరి రోజు దీక్ష చెడగొట్టనా?"

పేరయ్య తోక ఒకసారి ఆడింది. తను చెప్పిన పద్ధతి కాదంటే ఇన్నాళ్ల కష్టమూ గంగలో కలుస్తుంది. "బాగా చెప్పావమ్మా. కళ్లు తెరవకు," అని వెనక్కి తగ్గాడు.

కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత కప్పు మీదనుంచి కొంచెం మట్టి రాలింది. ఇంకొంచెం పడమరగా ఇంకాస్త రాలింది. పేరయ్య బండ పక్కనుంచి పడమరకి నడుస్తున్నాడు.

"వస్తున్నాడు," అంది బుచ్చమ్మ గుసగుసగా.

పడమటి వాకిలి పక్కన ఒక నల్లటి రాయి ఉంది. పేరయ్య దాని మీద కాలు వేసి మరీ దిగాడు. దారి ఇరుకు, చీకటి. లోపల మలుపు తిరిగితే బోడి వీపు సిద్ధంగా ఉంటుందని నోరూరుతోంది. మలుపు దగ్గర ఒళ్లంతా కూడదీసుకుని, నోరు తెరిచి ఒక్క దూకు దూకాడు.

మలుపు అవతల గోడలకీ నేలకీ తడి మట్టి మెత్తి, అందులో ఇన్నాళ్లూ పీకిన ముళ్లన్నీ మొనలు ఇటు తిప్పి పాతి ఉన్నాయి.

ఆ అరుపుకి గుట్ట మీద కాకులు లేచిపోయాయి. ముక్కులో, పెదవుల్లో, నాలుక మీద, ముందు కాళ్లలో ఎక్కడ చూసినా ముళ్లే. వెనక్కి జరుగుదామంటే ఏదో గట్టిది అడ్డం పడింది. ఇందాకటి నల్లరాయి మెల్లగా నడిచి వచ్చి వాకిలి మూసి కూర్చుంది.

"తొందరపడకు పేరయ్యా," అన్నాడు కూర్మయ్య డిప్పలోంచి. "నాకు మాత్రం పనేముంది? సాయంత్రందాకా కూర్చుంటాను."

వీరాయమ్మ వెనక్కి తిరిగింది. ముళ్ల అవతల పేరయ్య కళ్లలో నిజం నీళ్లు కారుతున్నాయి.

"చెల్లెమ్మా! నీ కాళ్లు పట్టుకుంటాను. ఇవి పీకించు తల్లీ!"

"ఎంత మాటన్నా! అన్నీ ఒక్కసారే పీకితే ఎలా?" అంది వీరాయమ్మ. "పూటకి పది. అదీ పద్ధతి. దీక్ష అయ్యేదాకా నలుగురిలోకి వెళ్లకు. నవ్వు మొహంతో ఎవరికీ కనపడకు. బాబాయ్, ఆయనకి దారి వదులు."

కూర్మయ్య జరిగాడు. పేరయ్య మూతి నేలకి రాచుకుంటూ గుట్ట దిగి పోయాడు. ముళ్ల మూతితో నోరు కదిపితే నొప్పి, అందుకని ఆ ఏడాది ఎర్రగుట్టలో ఎవరినీ ఓదార్చలేదు.

వానాకాలం వచ్చేసరికి వీరాయమ్మ వీపు మీద కొత్త ముళ్లు మొలిచాయి. ఆ బొరియలో పగటిపూట ఇప్పుడు తూర్పు వాకిలికి ఒక మొహం, పడమటి వాకిలికి ఒక మొహం. మధ్యలో జానెడు జాగా ఖాళీగా వదిలి ఉంటుంది. అది కోటయ్యది. నిద్రలో వీరాయమ్మ మెల్లగా జరిగి జరిగి ఆ జానెడూ దాటి బుచ్చమ్మ పెంకులకి వీపు ఆనిస్తుంది. పొద్దువాలేదాకా కదలకుండా నిద్రపోతుంది.

నీతి: ఏడ్చేటప్పుడు నలుగురికీ దూరంగా ఉండమని చెప్పేవాడి ఓదార్పు వెనక, వాడి ఆకలి ఉంటుంది.