నీలాల పొట్టలో మేకులు

గెడ్డపాలెం సంత వీధిలో రిపేరు కొట్టు పెట్టుకున్న నూకరత్నం అనే అమ్మాయి ఉండేది. ఫ్యాన్లు, రేడియోలు, మిక్సీలు బాగుచేయడం ఎవరి దగ్గరా నేర్చుకోకుండానే పట్టేసింది కానీ, ఒక్క పని దగ్గర పది నిమిషాలు కుదురుగా కూర్చోలేకపోయేది. చేతిలో పని సగంలో ఉండగానే కళ్లు పక్కదాని మీదికి పోయేవి. "తిరుగుతోందా? తిరిగితే చాలు, పట్టుకెళ్లండి" అనేది.

ఒకరోజు పొద్దున్నే పశువుల డాక్టరు జాన్‌బాబు గారు మెటల్ డిటెక్టర్ ఒకటి తెచ్చారు. పశువులు గడ్డితో పాటు మేకులూ తీగముక్కలూ మింగేస్తుంటాయి. కర్రలాంటి ఆ పరికరాన్ని పొట్టకు ఆనిస్తే, లోపల ఇనుమో మరో లోహమో ఉన్నచోట కుయ్‌మంటుంది.

"పాత బ్యాటరీ అయిపోయిందమ్మా. కొత్తది వేస్తే గూట్లో గిలక్కాయలా ఆడుతోంది. మధ్యాహ్నానికి కావాలి. ఆదెమ్మ గేదె నీలాలు మూడు రోజులుగా మేత ముట్టడం లేదు" అన్నారు.

నూకరత్నం మూత తీసి చూసింది. కొత్త బ్యాటరీ పాతదానికంటే రవ్వంత పొట్టిది. లోపలి రేకును అందుకోవడం లేదు. రేకును పట్టకారుతో మెల్లగా ముందుకు వంచి, బ్యాటరీ వెనక మెత్తటిదేదైనా దన్నుగా పెట్టాలి. అరగంట పని. కానీ పక్కన ఎవరిదో టేప్‌రికార్డర్ నోరు తెరుచుకుని కూర్చుంది. దాన్ని విప్పాలని నిన్నటి నుంచి ఆమె వేళ్లు దురదపెడుతున్నాయి.

చాక్లెట్టు మీది వెండి కాగితాన్ని ఉండచేసి సందులో కుక్కింది. మూత వేసి, బల్ల మీద పడుకోబెట్టి, స్క్రూడ్రైవర్ దగ్గరికి తెచ్చింది. కుయ్!

"అయిపోయిందండీ!"

"అప్పుడేనా?" డాక్టరు గారు ముచ్చటపడ్డారు. "మధ్యాహ్నం నువ్వూ రా, నీ పనితనం చూద్దువుగాని."

మధ్యాహ్నానికి ఆదెమ్మ గేదెల పాకలో సగం వీధి చేరింది. డాక్టరు గారు వంగి, పరికరాన్ని ఏటవాలుగా పట్టుకుని నీలాల రొమ్ము కింద పెట్టారు. కుయ్! ముందుకు జరిపారు. కుయ్! వెనక్కి జరిపారు. కుయ్ కుయ్!

"ఓలమ్మో! నా నీలాల పొట్టలో ఇనప కొట్టు ఎట్టీసినారేటి బాబూ!" అంది ఆదెమ్మ.

"మా బావి గిలక మొన్నే పోయింది. అదీ ఉందేమో చూడండి" అన్నాడు గుంపులో ఒకడు.

డాక్టరు గారు మాత్రం నవ్వలేదు. "పొట్ట కోసి తీయక తప్పదమ్మా. ఏడు నెలల చూడి గేదె. దూడ దక్కుతుందని మాత్రం మాట ఇవ్వలేను."

ఆదెమ్మ గేదె మెడ కావలించుకుని భోరుమంది.

డాక్టరు గారు చెమట తుడుచుకోవడానికి లేచారు. ఆయన చేతిలో పరికరం గాల్లోకి ఊగింది. ఉత్త గాలికే కుయ్‌మంది! ఎవరూ పట్టించుకోలేదు. నూకరత్నానికి మాత్రం సంగతి తెలిసిపోయింది. వంచినప్పుడల్లా లోపల కాగితం ఉండ కదులుతోంది. కరెంటు తెగి, మళ్లీ అందుతోంది. అందినప్పుడల్లా పరికరం ఉలిక్కిపడి అరుస్తోంది. బల్ల మీద కదలకుండా ఉంది కాబట్టి అప్పుడు తెలియలేదు.

చెబితే వీధి వీధంతా నవ్వుతుంది. రేపటి నుంచి కొట్టు గడప ఎవరు తొక్కుతారు? ఇంతలో డాక్టరు గారు సంచిలోంచి కత్తి తీసి, వేడినీళ్లు అడిగారు.

"ఆగండి!" అని అరిచింది నూకరత్నం. "మేకులూ లేవు, ఏమీ లేవండీ. తప్పంతా నాది." మూత తీసి కాగితం ఉండ చూపించింది. టేప్‌రికార్డర్ సంగతితో సహా అంతా చెప్పేసింది.

"చాక్లెట్టు నువ్వు తిని, కత్తి నా గేదెకి ఎట్టిస్తావేటే!" అంది ఆదెమ్మ. అందరూ ఘొల్లుమన్నారు.

డాక్టరు గారు పరికరాన్ని ఆమె చేతిలో పెట్టారు. "కూర్చో. ఎంతసేపైనా ఆగుతాను" అని మాత్రం అన్నారు.

నూకరత్నం పాక గుమ్మంలో అరగంట తల ఎత్తకుండా కూర్చుంది. రేకు వంచింది. తెగిన చెప్పులోంచి స్పాంజి ముక్క కోసి బ్యాటరీ వెనక దన్ను పెట్టింది. అప్పుడైనా వెంటనే ఇచ్చేయలేదు. ఊపింది, వంచింది, తలకిందులు చేసింది. చప్పుడు లేదు. ఆదెమ్మ కాలి మట్టెల దగ్గర పెట్టింది. కుయ్! ఆదెమ్మ ఎగిరి గంతేసింది.

మెడ నుంచి తోక దాకా తిప్పినా నీలాల దగ్గర మాత్రం కిక్కురుమనలేదు.

"మరి మేత ఎందుకు ముట్టడం లేదు?" డాక్టరు గారు గడ్డం గోక్కున్నారు.

గడ్డివాము చాటు నుంచి ఆదెమ్మ మొగుడు సింహాద్రి బయటికొచ్చాడు. "ఆ పిల్లే ఒప్పేసుకుంది, ఇంక నాకేటి సిగ్గు? పెళ్లింట్లో మిగిలిన పులిహోర గంపెడు తెచ్చి దీనికి పెట్టీసినాను బాబూ. ఆదెమ్మ తిడతాదని సెప్పనేదు."

"నీ సంగతి ఇంట్లోకొచ్చాక సూస్తాను!" అంది ఆదెమ్మ, ఏడుస్తూనే నవ్వుతూ.

డాక్టరు గారు కత్తి సంచిలో పెట్టేసి, గొట్టంతో అరుగుదల మందు పట్టించారు. మూడో రోజుకు నీలాలు రెండు మోపుల గడ్డి తిని, మూడో మోపు కోసం అరిచింది. నూకరత్నం కొట్టుకు జనం రావడం మానలేదు. కాకపోతే ఇప్పుడు కాస్త ఎక్కువసేపు కూర్చోవాల్సి వచ్చేది. ఏ వస్తువునైనా వాడేవాళ్లు ఎలా పట్టుకుంటారో అడిగి, అలాగే పట్టుకుని చూశాకే ఆమె ఇచ్చేది.

చేసిన పని మన బల్ల మీద నడిస్తే చాలదు, దాన్ని నమ్ముకున్నవాళ్ల చేతిలో నిలవాలి. నిలవదని తెలిసిన మరుక్షణం సిగ్గుపడకుండా తప్పు ఒప్పుకోవాలి.