మింగిందా, కావలించుకుందా?

వాగు ఎండిపోయి, రాళ్ళ నడుమ ఒక్క మడుగు మిగిలింది. అందులోనూ కప్ప మునిగేంత నీళ్ళు లేవు. మిగతా కప్పలన్నీ దిగులుగా మబ్బుల కోసం చూస్తుంటే గుండప్పా, పైడయ్యా మాత్రం వాదులాడుకుంటున్నారు. నీళ్ళు ఎండినా వాళ్ళ నోళ్ళు ఎండలేదు. గుండప్ప సింగారమ్మకి అన్న, పైడయ్య మొగుడు. ఇద్దరి మధ్యా కూర్చుని విని విని ఆవిడకి విసుగొచ్చేసింది.

వాదం తాతల కాలం నాటిది. మొదట్లో ప్రాణులన్నీ కంటికి ఆనని నలుసులే. ఎప్పుడో ఒక నలుసు లోపలికి అంతకంటే చిన్నదొకటి చేరి, పొయ్యిలా రాజుకుని దానికి బలమిచ్చింది. కప్పలూ, పాములూ, చెట్లూ ఆ జంట సంతానమే. ఇంతవరకూ ఇద్దరికీ పేచీ లేదు. ఆ చిన్నది లోపలికి ఎలా వెళ్ళిందన్నదే తగవు.

పెద్దది మింగిందని గుండప్ప. మింగి అరిగించుకోలేకపోయిందట, చిన్నది లోపలే కాపురం పెట్టేసిందట. పైడయ్య ససేమిరా ఒప్పుకోడు. ఇద్దరూ బురదలో ఇరుగుపొరుగుగా ఉండేవారనీ, ఒకరు వదిలేసింది ఒకరు తినేవారనీ, అలా యుగాలు గడిచాక పెద్దది చేతులు చాచి చిన్నదాన్ని మెల్లగా కావలించుకుందనీ అతని లెక్క.

"అసలు దానికి మింగే నోరేదీ బావా?" అనేవాడు.

రాతి మీద పడుకున్న జెర్రిపోతు ఇదంతా వింటోంది. అది తిండి తిని చాలా కాలమైంది. నెమ్మదిగా కిందికి జారి, పెద్దమనిషిలా మధ్యలోకి వచ్చింది.

"మాటలతో ఎన్నాళ్ళు కొట్టుకుంటారు, చేసి చూస్తే పోలా? నాకు మింగే నోరూ ఉంది, చుట్టుకునే ఒళ్ళూ ఉంది. పైగా నా కడుపులో చల్లగా, తడిగా ఉంటుంది. ఈ మడుగు ఇంకెన్నాళ్ళుంటుంది?"

సింగారమ్మ అడ్డుపడింది. "ఇంతకుముందు నువ్వు మింగినవాళ్ళు ఒక్కరైనా లోపల్నుంచి పలికారా మామా?"

"కాపురం బాగున్నవాళ్ళు గుమ్మంలోకొచ్చి కేకలెందుకేస్తారమ్మా?"

ఆ జవాబు గుండప్పకి తెగ నచ్చింది. సింగారమ్మ అన్న కాళ్ళు పట్టుకుని ఏడ్చింది. మింగినవన్నీ బతకలేదనీ, లెక్కలేనన్ని చస్తే ఎప్పుడో ఒకటి బతికి ఉంటుందనీ, ఆ ఒక్కటీ అతనే అవుతాడని ఎవరు చెప్పారనీ బతిమాలింది. అతను వినిపించుకోలేదు. తన మాట రుజువయ్యే రోజొచ్చిందన్న సంబరంలో నేరుగా పాము నోట్లోకి గెంతాడు.

"చల్లగానే ఉంది" అని లోపల్నుంచి ఒకసారి వినిపించింది. ఎంతసేపు చూసినా ఆ తర్వాత ఇంకేమీ వినపడలేదు.

సింగారమ్మ కుమిలిపోయింది. పైడయ్య కళ్ళు మాత్రం మెరిశాయి. "చూశావా? మింగితే చస్తారు. అంటే నేను చెప్పిందే నిజం."

"అన్నయ్య పోతే నీ మాట నిజమెలా అవుతుందయ్యా?"

పైడయ్య అప్పటికే జెర్రిపోతు పక్కన చేరి నిలబడ్డాడు. అది ఆప్యాయంగా ఒక చుట్ట చుట్టింది, ఆపైన ఇంకో చుట్ట బిగించింది. అతను ఊపిరాడక కాళ్ళు కొట్టుకుంటుంటే, "కాస్త ఓర్చుకో అల్లుడూ, యుగాలు పడుతుందని నువ్వేగా అన్నావు" అంది.

పని ముగించుకుని సింగారమ్మ వైపు తిరిగింది. ఇంతకీ నీ అభిప్రాయమేమిటని అడిగింది.

"నాకు తెలీదు మామా" అంటూనే ఆవిడ బురదలోకి దూరిపోయింది.

ఆ సాయంత్రమే వాన కురిసింది. మడుగు నిండి వాగు పారింది. ఒడ్డున కప్పలన్నీ గొంతెత్తి పాడుతుంటే సింగారమ్మ మాత్రం దూరంగా కూర్చుని ఏడ్చింది. ఆ చిన్న నలుసు లోపలికి ఎలా వెళ్ళిందో ఇప్పటికీ తేలలేదు.

ఎదుటివాడి మాట తప్పని తేలినంత మాత్రాన మన మాట ఒప్పని తేలినట్టు కాదు.