ఉసిరి ఒరుగు తిన్న గాడిద

ఇప్పపూలు రాలే కాలం వచ్చిందంటే మౌలాలికి దిగులు పట్టుకునేది.

గుట్ట మీద హుసేనయ్య ఫకీరు దగ్గర వాడు శిష్యుడు. కింది వాగు నుంచి నీళ్ళు మోసేది ముత్యాలు అనే గాడిద. తల్లి చచ్చిపోతే మౌలాలే దానికి పాలు పట్టి సాకాడు. చెట్ల కింద రాలి, పులిసి, సారా వాసన కొట్టే ఇప్పపూలంటే దానికి ప్రాణం. కడుపునిండా మేసి, తూలుతూ వచ్చేది.

అది తూలిందంటే చాలు, ఫకీరు కడవలు దించి దాన్ని నీడన కట్టేసేవాడు. ఆ పూటకి కావడి మౌలాలి భుజం మీదికి వచ్చేది.

"తాగేది అది, మోసేది నేనూనా తాతా?"

"రోజూ అది మోస్తుంటే నువ్వేం చేస్తున్నావురా?" అని నవ్వేవాడు ఫకీరు.

ఒక ఏడు మౌలాలి ఒక వింత చూశాడు. మందుల కోసం ఎండబెట్టిన ఉసిరి ఒరుగుల్ని ఓ మేక దొంగతనంగా నమిలిపోయింది. తర్వాత మందతో పాటు ఇప్పపూలూ మేసింది. తక్కిన మేకలు పడుతూ లేస్తూ ఉంటే, అది మాత్రం తిన్నగా నడిచిపోయింది. ఆ పుల్లటి ముక్కలో ఏం మహిమ ఉందో మరి.

మర్నాడు ముత్యాలుకీ ముందుగా గుప్పెడు ఒరుగులు పెట్టాడు. పూలు మేసి వచ్చినా దాని అడుగు తడబడలేదు. మౌలాలి పరుగున వచ్చాడు.

"తాతా, మత్తుకి మందు దొరికింది."

"మత్తుకా, తూలుడుకా?"

"రెండూ ఒకటేగా తాతా."

ఫకీరు ఒక ఒరుగు ముక్క వాడి నోట్లో పెట్టాడు. నమిలాక చెంబుతో నీళ్ళిచ్చాడు.

"ఎట్లా ఉన్నాయి?"

"తియ్యగా ఉన్నాయి."

"రోజూ తాగే ఆ వాగు నీళ్ళేరా," అని, చేతికర్ర తీసుకుని ఊళ్ళో రోగిని చూడబోయాడు.

ముసలాయన మాట మార్చాడనుకున్నాడు మౌలాలి. గాడిదని వాగుకి తోలి, కడవలు నింపి దాని మీద వేశాడు. అది నిబ్బరంగా గుట్ట ఎక్కింది. మలుపు దగ్గర దారి పక్కకి తిరిగింది. ముత్యాలు తిరగలేదు. చదును నేల మీద పోతున్నట్టు, ఒక్క అడుగూ తడబడకుండా, లోయలోకి నడిచిపోయింది.

ఫకీరు వచ్చేసరికి మౌలాలి లోయలో దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఇద్దరూ కలిసి దాన్ని రాళ్ళతో కప్పారు. తిడతాడేమోనని మౌలాలి ఎదురుచూశాడు. తిట్టినా బాగుండేది.

"తూలినన్నాళ్ళూ దాని బరువు దించేవాళ్ళం, బిడ్డా," అన్నాడు ఫకీరు.

పొద్దు వాలుతుండగా మౌలాలి కావడి భుజాన వేసుకుని వాగుకి దిగాడు. దోసిలి పట్టి తాగాడు. నీళ్ళు ఎప్పటిలాగే చప్పగా ఉన్నాయి.